రంగుల పెట్టె - బడిలో పాఠము, చెలకలో పరీక్ష

మండల వ్యవసాయాధికారి, హుస్నాబాద్

రెండేండ్ల క్రిందటి మాట. మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడిన మరునాడు హుస్నాబాద్ మండలములోని ఒక గ్రామమునకు పోయినాను. ఒక రైతు తన మూడెకరముల చెలకలో పత్తి పెట్టుటకు సిద్ధముగా ఉన్నాడు. రెండు ట్రాక్టర్ల పశువుల పెంటకు బేరము మాట్లాడుకొని, బయానా ఇచ్చుటకు ముందు నన్ను అడిగినాడు: “సారూ, పోయినేడు గూడ పెంట తోలిన. ఈ ఏడు గూడ తోలాల్నా? పైసలు శాన అయితున్నయి.”

నా సంచిలో అప్పుడు ఒక క్రొత్త సాధనము ఉన్నది. అరచేతిలో ఇమిడే యంత్రము. నేలకు ఆనించి మీట నొక్కినచో లోపలి నుండి మట్టిమీద వెలుతురు పడును. మట్టినుండి తిరిగి వచ్చిన వెలుతురును రంగురంగుగా విడదీసి కొలిచి, సేంద్రియ కర్బనము ఇంత అని సెల్‌ఫోనుమీద అంకె చూపును. వాడి చూచి అభిప్రాయము చెప్పుమని నాకు ఒకరు ఇచ్చినది. రైతు ఎదుటనే దానిని నేలకు ఆనించినాను. 0.78 శాతము అని చూపినది. సేంద్రియ కర్బనము 0.75 శాతము దాటినచో ఎక్కువ క్రింద లెక్క. “ఈ ఏడు పెంట మానుకొన్నా నష్టము లేదు” అని చెప్పినాను. రైతు సంతోషించినాడు. బేరము విడిచినాడు.

అదే చెలక మట్టిని వేసవిలో మా విస్తరణాధికారి తీసి భూసార పరీక్షా కేంద్రమునకు పంపియున్నారు. ఆ పత్రము శ్రావణ మాసములో చేతికి వచ్చినది. అందులో సేంద్రియ కర్బనము 0.36 శాతము. 0.5కు లోపైనచో తక్కువ. అప్పటికి పత్తి మోకాలెత్తు పెరిగినది. పెంట తోలు అదను దాటిపోయినది. రైతు నన్ను ఏమియు అనలేదు. ఒక మాట అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండెడిది.

పొరపాటు ఎక్కడ జరిగినదో నాకు తెలియుటకు ఎనిమిది మాసములు పట్టినది. తెలిసినది ప్రయోగశాలలో కాదు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఒక తొమ్మిదవ తరగతి గదిలో. ఆ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

పాత సిడీతో పెట్టె

ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవము. 1928లో అదే తేదీన సర్ సి.వి. రామన్‌గారు కలకత్తాలో తమ పేరిట ప్రసిద్ధమైన రామన్ ఫలితమును కనుగొన్నారు. ఆనాడు ఆయన కంటికి ఆనించి చూచినది పెద్ద యంత్రమేమియు కాదు, జేబులో పట్టు చిన్న వర్ణపటదర్శిని. రామన్‌గారి బాల్యము విశాఖపట్టణములో గడిచినది. తండ్రిగారు అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. చేతిలో పట్టుకొని పోగల వర్ణపట సాధనమునకు ఇంతకంటె గొప్ప చరిత్ర చూపనక్కరలేదు.

ఆ దినము మా మండలములోని ఒక పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు నన్ను పిలిచినారు. వారు పిల్లల చేత పదునెనిమిది పెట్టెలు చేయించి ఉంచినారు. ఖర్చు దాదాపు లేదు. ఖాళీ చెప్పుల డబ్బా, రెండు గడ్డము గీచు బ్లేడులు, నల్ల కాగితము, అతుకు టేపు, ఒక పాత సిడీ. సిడీలు ఇప్పుడు ఎవరును వినుట లేదు, చూచుట లేదు గాని, మన పల్లెలలో పెండ్లి సిడీ లేని బీరువా అరుదు. దానిమీద గీత కొట్టుటకు ఇంటివారి అనుమతి తప్పక తీసికొనుడు. ఒక పిల్లవాడు తన మేనత్త పెండ్లిని ముక్కలు చేసి తెచ్చి చీవాట్లు తిన్నాడట.

సిడీమీద కంటికి కనబడని సన్నని గాడులు వరుసగా ఉండును. గాడికిని గాడికిని దూరము 1.6 మైక్రానులు. అనగా ఒక మిల్లీమీటరులో సుమారు 625 గాడులు. వీటిపై పడిన వెలుతురు తిరిగి వచ్చునప్పుడు ఒక్కొక్క రంగు ఒక్కొక్క కోణములో విడివడును. డబ్బా ఒక చివర నిలువుగా కన్నము కోసి, రెండు బ్లేడుల అంచులు ఎదురెదురుగా ఉండునట్లు అతికించవలెను. రెంటికి నడుమ దళసరి కాగితము పట్టునంత సందు మాత్రమే విడువవలెను. ఈ పని ఉపాధ్యాయులే చేయవలెను, పిల్లలకు బ్లేడు ఇయ్యకూడదు. ఎదురు చివర సిడీ ముక్కను, మెరిసే ముఖము చీలికవైపు ఉండునట్లు, కొంచెము వెనుకకు వాల్చి నిలుపవలెను. దానికి పైన మూతలో కన్ను పెట్టి చూచుటకు ఒక రంధ్రము. లోపల అంతటను నల్ల కాగితము. అంతే.

సూర్యునివైపు ఈ పెట్టెను ఎన్నడును త్రిప్పరాదు, కండ్లు పోవును. ఎండ పడిన తెల్లని గోడను చూచిన చాలును.

పిల్లలు మొదట ఆ గోడనే చూచినారు. ఊదా మొదలు ఎరుపు వరకు రంగులన్నియు తెగకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనబడినవి. పాతకాలపు తీగ బల్బును చూచిన అట్లే తెగని పట్టీ. ట్యూబులైటును చూచినప్పుడు మాత్రము తరగతిలో గోల లేచినది. రంగులు ముక్కలు ముక్కలుగా విడిపోయి, నడుమ ఆకుపచ్చ గీత ఒకటి మెరయుచున్నది. అది గొట్టములోని పాదరసపు ఆవిరి గీత. ఎల్ఈడీ బల్బులో నీలము దట్టముగా ఒక్కచోట పోగుపడి, తరువాత మిగిలిన రంగులు పలుచగా పరచుకొని ఉన్నవి. కంటికి మూడును తెల్లని వెలుతురే. పెట్టెకు మాత్రము మూడును మూడు విధములు.

తరువాత ఉపాధ్యాయులు గ్యాసు పొయ్యి నీలి మంటలో ఉప్పునీట ముంచిన దూదిని పట్టినారు. మంట పచ్చబడినది. పెట్టెలో చూచిన, చీకటిలో ఒకే ఒక పసుపు గీత. సోడియము ఎక్కడ ఉన్నను, కూరలోని ఉప్పైనను, చౌడు నేలలోని ఉప్పైనను, మంటలో పెట్టినచో అదే గీత, అదే చోట. దాని తరంగదైర్ఘ్యము 589 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షల వంతు.

నేను ఎరువుల కొట్టునుండి మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పిడికెడు తీసికొని పోయి ఉంటిని. దానిని మంటలో పెట్టగా పిల్లలు మరల పసుపే కనబడినదన్నారు. “సార్, గిది గూడ ఉప్పేనా?” అని ఒకడు అడిగినాడు. పొటాష్ మంట లేత ఊదా రంగు. అయితే ఎరువులో కొద్దిపాటి ఉప్పు కలిసి ఉన్నను సోడియపు పసుపు దానిని కప్పివేయును. నీలి కోబాల్టు గాజు అడ్డము పెట్టి చూచినప్పుడు పసుపు ఆగిపోయి ఊదా బయటపడినది. పొటాష్ యొక్క ముఖ్యమైన గీత 766 నానోమీటర్ల దగ్గర, కంటిచూపునకు చివరి అంచున ఉండును. కంటికది సరిగా అందదు, యంత్రమునకు చక్కగా అందును.

గుంటూరు గ్రహణము

ఈ గీతల విద్య జర్మనీలోని హైడెల్‌బర్గులో బున్సెన్, కిర్కాఫ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులచే 1859-60 సంవత్సరములలో స్థిరపడినది. కొద్ది ఏండ్లకే అది మన నేలపైకి వచ్చినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము వనపర్తి, గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా పోయినది. వనపర్తికి మద్రాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారిగారు వెళ్లినారు. మచిలీపట్టణములో ఆ నక్షత్రశాల అధిపతి పోగ్సన్ ఉన్నారు. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దూరదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చి, సూర్యుని అంచున లేచు అగ్నిజ్వాలలను చూచినారు. అవి తెగని రంగుల పట్టీగా కాక మెరయు గీతలుగా కనబడినవి. గీతలు అంత స్పష్టముగా ఉండుట చూచి, గ్రహణము లేకపోయినను వీటిని చూడవచ్చునని ఆయనకు తోచినది. మరునాటి ఉదయము గుంటూరులోనే చూచి చూపినారు. ఇంగ్లండులో లాకియర్ అను ఆయన అక్టోబరులో ఇదే పని స్వతంత్రముగా చేసినారు.

ఆ జ్వాలలలో ఒక పసుపు గీత కలదు. అది 587.6 వద్ద ఉన్నది. ఉప్పు గీత 589. ఒకటిన్నర నానోమీటరు తేడా. ఉప్పు గీతయే యని సరిపెట్టుకొన్నచో కథ అక్కడితో ముగిసెడిది. భూమిమీద తెలిసిన ఏ మూలకమునకును చెందని గీత యని తేలి, సూర్యుని పేరుమీద దానికి హీలియము అని పేరు పెట్టినారు. భూమిమీద ఆ వాయువును 1895లో రామ్సే వేరుచేసినారు. సూర్యునిలో ముందు చూచి నేలమీద తరువాత పట్టుకొన్న మూలకమది.

తరువాతి కాలములో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య కె. రంగధామరావుగారు ఈ శాస్త్రమునకు పరిశోధనశాలలు నెలకొల్పి ఎందరో శిష్యులను తయారుచేసినారు. కనుక హుస్నాబాద్ బడి పిల్లవాడు సిడీ పెట్టెలో కన్ను పెట్టుట పరాయి విద్య నేర్చుట కాదు.

పత్రములోని పన్నెండు వరుసలు

రైతు ఈ గోలయంతయు తనకు ఎందుకని అడుగవచ్చును. 2015 ఫిబ్రవరి 19న ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు పథకము క్రింద ఇచ్చు భూసార పత్రమును ఇంటిలో ఉన్నచో తీసి చూడుడు. అందులో పన్నెండు వరుసలు ఉండును: ఉదజని సూచిక, లవణ పరిమాణము, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాష్, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. వీటిలో భాస్వరము మొదలు బోరాన్ వరకు ఎనిమిదింటిని ప్రయోగశాలలో సాధారణముగా వెలుతురు సాయముతోనే కొలుతురు.

పొటాష్ సంగతి చూడుడు. మట్టిని అమ్మోనియం అసిటేటు ద్రావణములో కలియబెట్టి, వడబోసి, ఆ నీటిని సన్నని తుంపరగా మంటలోనికి పంపుదురు. మంటలో పొటాష్ రంగు ఎంత గట్టిగా వెలుగునో ఫ్లేమ్ ఫోటోమీటరు అను యంత్రము కొలుచును. పిల్లలు గ్యాసు పొయ్యిమీద చూచినది ఇదే. భాస్వరమునకు మట్టి ద్రావణములో మాలిబ్డేటు మందు కలిపి నీలి రంగు పుట్టింతురు; నీలము ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. జింకు, ఇనుము, రాగి, మాంగనీసులకు ఎదురు పద్ధతి. ఆ లోహపు గీతకు చెందిన వెలుతురునే మంటగుండ పంపి, అందులో ఎంత వెలుతురును మంటలోని ఆవిరి మ్రింగివేసినదో చూతురు. ఆస్ట్రేలియాలో వాల్ష్ అను శాస్త్రజ్ఞుడు 1955లో ప్రకటించిన పద్ధతి ఇది.

ఈ పనులన్నింటిలో ఒక నియమము ఉన్నది. నమూనాకు ముందు ఖాళీ ద్రావణమును పెట్టి యంత్రమును సున్నకు తెత్తురు. తరువాత ఎంత ఉన్నదో తెలిసిన ద్రావణములను వరుసగా పెట్టి అంకెలు సరిచూతురు. అప్పుడు గాని రైతు మట్టి వంతు రాదు. ధాన్యము కొనుగోలు కేంద్రములో తేమ 17 శాతమునకు మించరాదను నిబంధన మనకందరకును తెలిసినదే. అక్కడి తేమ యంత్రము సామాన్యముగా వెలుతురుతో కాక విద్యుత్తుతో పనిచేయునదైనను, దానికిని ఈ సరిచూచుట తప్పదు. సరిచూడని యంత్రము ఒక శాతము అటు చూపినచో రైతు మరి రెండు దినములు కుప్ప ఆరబోయవలసి వచ్చును.

తొమ్మిదవ తరగతి ప్రశ్న

ఇక నా తప్పు సంగతి. ఆ ఉపాధ్యాయుల దగ్గర చిన్న ఎలక్ట్రానిక్ వర్ణపట సాధనము కూడ ఒకటి ఉన్నది. అగ్గిపెట్టె కంటె చిన్న పలకమీద మూడు గ్రాహకములు కూర్చి, 410 మొదలు 940 నానోమీటర్ల వరకు 18 రంగులను వేరువేరుగా కొలుచునట్లు చేసినది. మన కంటికి సుమారు 700 వరకే కనబడును గనుక అందులో కొన్ని రంగులు మనకు కానరాని పరారుణములు. ఇట్టివి కొన్ని వేల రూపాయలకు దొరకుచున్నవి. అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న బడులలో పిల్లలు ఇట్టి గ్రాహకములను తామే కూర్చుకొనవచ్చును.

ఉపాధ్యాయులు మొదట తెల్ల కాగితము పెట్టి కొలిపించినారు. కాగితము నుండి వచ్చిన దానిని నూరుగా ఎంచుకొనవలెను. తరువాత ఒకే చెలకనుండి తెచ్చిన ఎర్రమట్టిని రెండు పళ్ళెములలో పోసి, ఒకదానిపై నీళ్ళు చల్లినారు. పిల్లలు రెంటిని కొలిచి గీతల కాగితముపై చుక్కలు పెట్టినారు. తడి మట్టి గీత ఆ మొదటి రంగు నుండి చివరి రంగు వరకు పొడి మట్టి గీతకు క్రిందనే నడచినది. మట్టి అదే, పెంట అదే, కర్బనము అదే. నీళ్ళు మాత్రమే వేరు.

అప్పుడు మూడవ వరుసలోని ఒక అమ్మాయి లేచినది. “సార్, మీరు మా చెలకల చూసినప్పుడు వాన పడ్డది గద?”

ఆ రైతు బిడ్డ ఆ తరగతిలో చదువుచున్నదని నాకు అంతవరకు తెలియదు. మట్టి రేణువుల నడుమ గాలి ఉన్నప్పుడు వెలుతురు చెదరి వెనుకకు వచ్చును. ఆ ఖాళీలను నీరు నింపినప్పుడు వెలుతురు లోనికి పోయి తక్కువ తిరిగి వచ్చును. అందువలన తడి మట్టి నల్లగా కనబడును. కుళ్ళిన పెంట ఎక్కువగా ఉన్న మట్టియు నల్లగానే ఉండును. నా చేతి యంత్రము నలుపును చూచినది గాని నలుపునకు కారణము చూడలేదు. నీటి ముద్ర స్పష్టముగా పడు చోట్లు 1,450, 1,940 నానోమీటర్ల వద్ద ఉన్నవి. 940 దగ్గర ఆగిపోవు యంత్రము ఆ ముద్రలను చూడజాలదు. నేను బి.యస్సీ. చదివినవాడను. ఈ మాటలు పుస్తకములో చదివి పరీక్షలో వ్రాసినవాడను కూడ. చెలకలో నిలబడినప్పుడు మాత్రము అంకె ముందు అవి గుర్తుకు రాలేదు.

“అవునమ్మా, వాన పడ్డది. తప్పు నాదే” అని తరగతి ఎదుట చెప్పినాను. ఆ అమ్మాయి కూర్చున్నది. ప్రక్కనున్న పిల్ల ఆమెను మోచేతితో పొడిచినది.

చేతి యంత్రములకు నమ్మదగిన చోటు లేదని నేను చెప్పుట లేదు. పొడి చేసి, మెత్తగా జల్లించిన మట్టిలో సేంద్రియ కర్బనము, బంకమన్ను, ఇనుపు రంగు వంటివి వెలుతురుపై తమ ముద్ర వేయును. నైరోబీలోని ప్రపంచ వ్యవసాయ అటవీ కేంద్రము వారు ఆఫ్రికా నేలల నమూనాలను వేలకొలది పరారుణ కాంతితో పరీక్షించి, అందులో కొన్నింటిని ప్రయోగశాలలో మందులతో కూడ పరీక్షించి, రెంటికి పొంతన కుదిర్చి పట్టికలు తయారుచేసినారు. అంకె పుట్టునది ఆ పొంతననుండి. ఎక్కడి నేలలతో పొంతన కుదిర్చినారో అక్కడి నేలలకే అది చెల్లును. మన చెలకలో ఇనుపు తుప్పు ఎరుపు ఎక్కువ, నల్లరేగడి వేరు. ఒకదాని పట్టికతో ఇంకొకదానిని చదివినచో అంకె వచ్చును గాని అర్థము రాదు. పైరునకు అందు భాస్వరమునకు, పొటాష్‌కు ఈ వెలుతురులో సొంత ముద్ర లేదు. వాటిని నేరుగా నేలకు ఆనించి చెప్పెదమన్నచో అది అంచనాయే గాని కొలత కాదు.

కాబట్టి ఎవరైనను యంత్రము తెచ్చి నిమిషములో నత్రజని, భాస్వరము, పొటాష్ అన్నియు చెప్పి, ఆ వెంటనే డబ్బా మందు కూడ అమ్మజూపినచో తొందరపడకుడు. యంత్రమును దేనితో సరిచూచినారని అడుగుడు. ఏ నేలల పట్టిక లోపల ఉన్నదని అడుగుడు. అదే మట్టిని కొంత తడిపి మరల చూపుమనుడు. అంకె మారినచో మిగిలిన ప్రశ్నలు అనవసరము.

ఎర్రబడిన పత్తి ఆకు

మట్టికంటె ఆకుపై ఈ విద్య సులువుగా పనిచేయును. పచ్చని ఆకులను కోసి, నలిపి, సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడగట్టినచో ఆకుపచ్చ నీరు దిగును. స్పిరిటు దగ్గర మంట ఉండరాదు. ఆ సీసాను తీగ బల్బునకును పెట్టె చీలికకును నడుమ పట్టి చూచినచో, ఎరుపు రంగులో ఒక చోట నల్లని పట్టీ పడును. నీలము కూడ చాలవరకు మాయమగును. పత్రహరితము మ్రింగిన రంగులవి. మిగిలిన పచ్చదనమే మన కంటికి వచ్చునది. పాలిపోయిన ఆకు నీటితో అదే పని చేసినచో నల్లపట్టీ పలుచనగును. పత్రహరితమును కొలుచు చేతి మీటర్లు ఎరుపు, పరారుణ కాంతులను ఆకుగుండ పంపి చేయు పని ఇంతే. వరి రైతులకు మేము ఇచ్చు ఆకు రంగు పట్టిక కూడ ఇదే పనికి కన్నునే యంత్రముగా వాడుకొనును. అందుకే దానిని మీ నీడలో, ప్రతిసారి అదే వేళకు, అదే మనిషి చూడవలెనని చెప్పుచుందుము.

అయితే పచ్చదనము తగ్గినదని యంత్రము చెప్పును. ఎందుకు తగ్గినదో చెప్పదు. మా వైపు చెలకలలో పత్తి ఆకు ఎర్రబడుట ఏటేట చూచునదే. క్రింది ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి నడుమ భాగము ఎర్రబడినచో మెగ్నీషియము లోపమని అనుమానింపవలెను. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి చల్లుదురు. అంచులు పసుపై, తరువాత ఎర్రనై, ఆకు క్రిందికి ముడుచుకొన్నచో ఆకును త్రిప్పి అడుగున పచ్చదోమ కొరకు చూడవలెను. పచ్చదోమకు మెగ్నీషియము చల్లిన ఖర్చు దండుగ. ఈ రెంటిని విడదీయునది పెట్టె కాదు, ఆకును త్రిప్పు వ్రేళ్ళు.

బడికి, పంచాయతీకి కొన్ని మాటలు

కేంద్ర వ్యవసాయ శాఖ, పాఠశాల విద్యాశాఖతో కలిసి విద్యార్థుల చేత మట్టి నమూనాలు తీయించి పరీక్షలు చేయించు కార్యక్రమమును కొన్ని కేంద్రీయ, నవోదయ విద్యాలయములలో మొదలుపెట్టి, తరువాత వేయికి పైగా పాఠశాలలకు పెంచినది. మన ఉన్నత పాఠశాల ఆ జాబితాలో లేకపోయినను చేతులు ముడుచుకొని ఉండనక్కరలేదు. రైతు వేదిక ప్రతి విస్తరణాధికారి పరిధిలో ఒకటి ఉన్నది. ప్రధానోపాధ్యాయులును విస్తరణాధికారియు ఒక పూట కూర్చుండి, ఫిబ్రవరిలో పెట్టెల పాఠము, వేసవి సెలవులకు ముందు మట్టి నమూనాల పాఠము ఏర్పాటు చేయవచ్చును. పంచాయతీ కార్యదర్శులు దండోరా వేయించినచో తల్లిదండ్రులు కూడ వత్తురు. పదవ తరగతి పుస్తకములో పరమాణు నిర్మాణము పాఠము వర్ణపటముతోను, మంట రంగులతోను ముడిపడి ఉన్నది గనుక ఉపాధ్యాయులకు ఇది అదనపు బరువు కాదు.

మట్టి తీయుట పిల్లలు చక్కగా నేర్చుకొందురు. పంట కోసిన తరువాత, ఎరువు వేయకముందు తీయవలెను. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్ప వేసిన చోటు విడిచిపెట్టవలెను. ఎకరమున ఎనిమిది పది చోట్ల ఇంగ్లీషు ‘వి’ అక్షరము ఆకారములో ఆరు అంగుళముల లోతు గుంట తీసి, పక్కనుండి పైనుంచి క్రిందివరకు సమముగా మట్టి గీచి తీయవలెను. అన్నియు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలో మిగులువరకు తగ్గించవలెను. తరువాత నీడలో ఆరబెట్టవలెను. ఎండలో కాదు, పొయ్యిమీద కాదు. ఎరువుల సంచిలో వేయుట అన్నిటికంటె చెడ్డది. సంచికి అంటుకొన్న యూరియా, పొటాష్ మీ పత్రములోనికి ఎక్కును. శుభ్రమైన గుడ్డసంచి మేలు.

ఈ ఏడు ఏప్రిలులో ఆ రైతు మా కార్యాలయమునకు వచ్చినాడు. చేతిలో గుడ్డసంచి, లోపల చీటీమీద పిల్లల దస్తూరితో సర్వే నంబరు, తేదీ, లోతు. నేను సంచి విప్పి మట్టిని వ్రేళ్ళతో నలిపి చూచినాను. పొడిపొడిగా ఉన్నది.

“నీడకు ఆరబెట్టిన సారూ” అన్నాడు. “నా బిడ్డ మూడు దినాలు ముట్టనియ్యలే.”

పెంట సంగతి నేను అడుగలేదు. పత్రము వచ్చిన తరువాత మాట్లాడుకొందమని ఆయనయే అన్నాడు.